అందరి దుఃఖం పాడినవాడు

హ్యాంక్ విలియమ్స్ బతికింది 29 ఏళ్లు. రికార్డులకు పాడిన కాలం ఆరేళ్లు కూడా నిండలేదు. ఆ కొద్ది కాలంలోనే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అతని గొంతు వినపడని సారా కొట్టు లేదు, రేడియో లేదు. కానీ బతికుండగా అతని పేరు మీద వచ్చిన ఆల్బంలు రెండంటే రెండే. మొదటిది 1951 నవంబరులో ఎం.జి.ఎం. కంపెనీ తెచ్చిన ‘హ్యాంక్ విలియమ్స్ సింగ్స్’. పది అంగుళాల ప్లేటు, మొత్తం ఎనిమిది పాటలు. జనం నోట నానుతున్న అతని పెద్ద పాటలు చాలావరకు అందులో లేవు. కంపెనీ దగ్గర మిగిలిన పాటలన్నీ ఏరి ఒకచోట చేర్చినట్టుంటుంది. అయినా హ్యాంక్ ఎవరో తెలుసుకోవాలంటే పట్టుకోవాల్సింది ఆ చిన్న ప్లేటునే. ఎందుకో చెప్పాలంటే అతని పుట్టుక దగ్గర్నుంచి మొదలెట్టాలి.

తండ్రి ఆస్పత్రిలో... తల్లి పూటకూళ్ల ఇంట్లో

1923 సెప్టెంబరు 17న అలబామా రాష్ట్రం బట్లర్ కౌంటీలోని మౌంట్ ఆలివ్ అనే పల్లెలో పుట్టాడు. పెట్టిన పేరు హైరమ్. ఆ పేరును తర్వాత హ్యాంక్ అని మార్చుకున్నాడు. తండ్రి లాన్ కలప కంపెనీ రైళ్ల మీద పని చేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి. 1930లో ముఖం చచ్చుబడి మాజీ సైనికుల ఆస్పత్రిలో చేరాడు. వారమో నెలో కాదు, దాదాపు ఎనిమిదేళ్లు అక్కడే ఉండిపోయాడు. తండ్రి ఉండీ లేని ఇల్లు అది.

ఇంటి బండి లాగింది తల్లి లిల్లీ. గట్టి మనిషి. జార్జియానా, గ్రీన్‌విల్ ఊళ్లలో కొన్నాళ్లు, 1937 నుంచి రాజధాని మాంట్‌గోమరీలో, బస చేసేవాళ్లకు గదులిచ్చి వండిపెట్టే పూటకూళ్ల ఇల్లు నడిపింది. పిల్లాడు వేరుశనక్కాయలు అమ్మాడు, బూట్లు తుడిచాడు. ఊళ్లో తోటి పిల్లలంతా కలప కోతకో పొలం పనికో పోయే వయసుకు అతను పోలేకపోయాడు. నడుము సహకరించేది కాదు.

పుట్టుకతోనే అతని వెన్నెముకలో లోపం ఉంది. వెన్నుపూసలు పూర్తిగా మూసుకోకుండా ఉండిపోయే జబ్బు. వైద్యులు దీన్ని స్పైనా బైఫిడా అకల్టా అంటారు. పైకి ఏమీ కనపడదు. చాలామందికి దానివల్ల ఇబ్బందే ఉండదు. హ్యాంక్‌కు మాత్రం అది జీవితాంతం నొప్పిగా మిగిలింది. బక్కపల్చటి పొడుగు మనిషి, కాస్త ముందుకు వంగి నిలబడి పాడే తీరు, అభిమానులు ఒక ఒరవడిగా చూసిన ఆ భంగిమ వెనక ఉన్నది నడుం నొప్పి.

గురుదక్షిణ ఓ పూట భోజనం

ఎనిమిదేళ్ల వయసులో చేతికి గిటారు వచ్చింది. నేర్పేవాళ్లు కావాలిగా! దొరికినవాడు రూఫస్ పెయిన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. టీ టాట్ అంటే ఊళ్లో అందరికీ తెలుసు. జార్జియానా, గ్రీన్‌విల్ వీధుల్లో పాడి చిల్లర పోగుచేసుకునేవాడు. ఆ రోజుల్లో అలబామాలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ బడి వేరు, హోటల్లో చోటు వేరు. అలాంటిచోట ఓ తెల్ల కుర్రాడు నల్ల గాయకుడి వెంట పడి తిరగడం మామూలు సంగతి కాదు. లిల్లీ అడ్డు చెప్పలేదు. కొడుక్కి చదువు చెప్పినందుకు కాస్త చిల్లర, లేదంటే ఓ పూట భోజనం. గురుదక్షిణ అంతే.

పెయిన్ నేర్పింది తీగల మీద వేళ్లు ఎక్కడ పెట్టాలన్నది మాత్రమే కాదు. తాళం కాలితో ఎలా పట్టాలి, ఎదురుగా నిలబడ్డ జనాన్ని కదలకుండా ఎలా ఆపాలి, బ్లూస్ అనే విషాద గీతాన్ని గొంతు విరుపుతో ఎలా పలకాలి... ఇవన్నీ. పెయిన్ 1939లో మాంట్‌గోమరీలోని ధర్మాసుపత్రిలో కన్నుమూశాడు. శిష్యుడికి పేరొచ్చే దాకా ఉండలేదు. పేరొచ్చాక శిష్యుడు మాత్రం మరచిపోలేదు. తనకు సంగీతం నేర్పిన మనిషి అతనొక్కడే అని పత్రికల వాళ్లకు చెప్పుకున్నాడు.

హాంకీ టాంక్ అంటే...

హ్యాంక్ పాటను హాంకీ టాంక్ పాట అంటారు. ఈ మాట పాటది కాదు, చోటుది. ఊరి చివర, రోడ్డు పక్కన, చమురు బావుల దగ్గర, మిల్లుల దగ్గర కూలీలు సాయంత్రం చేరే సారా కొట్టును హాంకీ టాంక్ అనేవారు. 1933లో అమెరికాలో మద్య నిషేధం ఎత్తేశాక ఇవి దక్షిణాదిలో విపరీతంగా పెరిగాయి. తాగడం, చిందెయ్యడం, అర్ధరాత్రి దాటితే కొట్టుకోవడం. ఆ గోలలో ఇంటి అరుగు మీద పాడే మెత్తటి పల్లె పాట వినపడదు. అందుకని కరెంటు గిటారు వచ్చింది. ఒళ్లో పెట్టుకునో బల్ల మీద పెట్టో ఉక్కు కడ్డీతో మీటే స్టీల్ గిటారు వచ్చింది. పాటలో సంగతులూ మారాయి. అమ్మ, ఊరు, దేవుడితో పాటు మోసపోయిన మొగుడు, వదిలేసిన పెళ్లాం, అప్పు, తాగుడు పాటలోకి దిగాయి.

మాంట్‌గోమరీలో డబ్ల్యు.ఎస్.ఎఫ్.ఎ. రేడియోలో పాడుతూ, డ్రిఫ్టింగ్ కౌబాయ్స్ పేరుతో బృందం కట్టి హ్యాంక్ ఈ కొట్లన్నీ తిరిగాడు. అప్పటికి మీసం మొలవని వయసు. తల్లే కారు నడిపి తీసుకెళ్లి గుమ్మం దగ్గర డబ్బులు వసూలు చేసేది. అక్కడే తాగుడూ అంటుకుంది. 1942లో రేడియో వాళ్లు తాగుడు మూలంగానే తీసేశారు. వెన్ను బాగోలేదని సైన్యం వద్దంది. యుద్ధ కాలంలో కొంత మొబైల్ రేవులోని ఓడల కర్మాగారంలో గడిచింది.

1944 డిసెంబరులో ఆడ్రీని పెళ్లాడాడు. పెళ్లి జరిగింది అండలూసియా అనే ఊళ్లో ఓ పెట్రోలు బంకులో! ఆడ్రీకి భర్త పేరు పైకి రావాలన్న పట్టుదల ఉండేది. తనూ పాడాలన్న కోరికా ఉండేది. ఇద్దరూ ఒకరినొకరు వదల్లేకపోయారు, కలిసి ఉండలేకపోయారు. హ్యాంక్ పాటల్లో సగం ఈ కాపురం పెట్టిన ముద్దే.

చదవడం రాదు... కట్టడం వచ్చు

1946 సెప్టెంబరులో నాష్‌విల్‌లో ఫ్రెడ్ రోజ్ అనే పాటల వ్యాపారిని కలిశాడు. రోజ్ స్వయంగా పాటలు కట్టే మనిషి. హ్యాంక్‌కు స్వరలిపి చదవడం రాదు. మాటలు కాగితం ముక్కల మీద రాసుకుని, బాణీ మనసులో పెట్టుకుని వచ్చేవాడు. రోజ్ కూచుని అక్కడక్కడ మాట మార్చి, చరణం సరిచేసి ఇచ్చేవాడు. ఆ జోడీ కుదిరింది. అదే ఏడాది డిసెంబరు 11న స్టెర్లింగ్ అనే చిన్న కంపెనీకి మొదటిసారి పాడాడు. మరుసటి ఏడాది ఎం.జి.ఎం. పిలిచింది.

1948లో లూసియానా రాష్ట్రం ష్రీవ్‌పోర్ట్ నుంచి వచ్చే లూసియానా హేరైడ్ రేడియో కార్యక్రమంలో చేరాడు. ఆ డిసెంబరులో సిన్సినాటిలో ‘లవ్‌సిక్ బ్లూస్’ పాడాడు. అది అతను రాసింది కాదు, 1922 నాటి పాత పాట. రోజ్‌కు అస్సలు నచ్చలేదు. హ్యాంక్ పట్టుబట్టి పాడాడు. 1949లో ఆ రికార్డు 16 వారాలు పల్లె పాటల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది.

అదే ఏడాది జూన్ 11న నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక ఎక్కాడు. రైమన్ ఆడిటోరియం అనే ఆ భవనం కట్టింది ప్రార్థనల కోసం. జనం అతన్ని దిగనివ్వలేదు. అదే పాట ఆరుసార్లు పాడించుకున్నారు. పల్లె గాయకుడికి అంతకు మించిన వేదిక లేదు. అక్కడికి పాతికేళ్లకే చేరాడు.

మిగిలిన పాటల ప్లేటు

ఇక ఆల్బం సంగతి. ఇవాళ ఆల్బం అంటే గాయకుడి కృషికి కొలమానం. ఆ రోజుల్లో లెక్క వేరు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు... అటొక పాట, ఇటొక పాట. పల్లె జనం కొనేది అదే. సారా కొట్లలో చిల్లర వేస్తే కోరిన పాట వినిపించే జూక్‌బాక్స్ యంత్రాల వాళ్లు కొనేదీ అదే. హ్యాంక్ కూడు తిన్నది ఈ రెండు పాటల ప్లేటు మీద. ఎక్కువ పాటలు పట్టే లాంగ్ ప్లే రికార్డు 1948లో వచ్చింది. దాన్ని వాయించే కొత్త యంత్రం కొనే స్తోమతు పల్లెల్లో ఎంతమందికి ఉంటుంది? కంపెనీ కూడా పెద్ద ఆశ పెట్టుకున్నట్టు లేదు. మంచి గిరాకీ ఉన్న పాటల్ని చాలావరకు జూక్‌బాక్సులకు వదిలి మిగతావి ఆల్బంలో పెట్టింది.

ఆ ఎనిమిదీ ఏమిటో చూడండి. ప్రేమ లేని ఇంటి గురించి ఒకటి. ప్రియురాలు వేరొకరిని పెళ్లాడుతుంటే మోగే గంటల మీద ఒకటి. కొండ మీది భవంతిలో డబ్బున్నామె, కింద గుడిసెలో పేదవాడు... ఇది ఇంకొకటి. పాట రాసే సత్తా ఉందో లేదో చూద్దామని ఫ్రెడ్ రోజే ఆ కథాంశం ఇచ్చి పరీక్ష పెట్టాడని చెబుతారు. డబ్బు ఆత్మను కాపాడదని చెప్పే పాట 1946లో మొదటిరోజు పాడిన వాటిలోది. స్మశానం దాకా మిగిలిన దారి గురించి ఒకటి, చనిపోయిన తల్లికి వీడ్కోలు చెబుతూ ఒకటి. దారి తప్పిన బాటసారి పాట ‘లాస్ట్ హైవే’ రాసింది లియోన్ పెయిన్ అనే అంధ గాయకుడు. వినేవాళ్లంతా హ్యాంక్ సొంత కథే అనుకుంటారు. ఎనిమిదోది ‘ఐ సా ద లైట్’, వెలుగు కనిపించిందని పాడే భక్తి పాట. ఓ రాత్రి కచేరీ నుంచి తిరిగొస్తుంటే దూరంగా విమానాశ్రయం దీపాలు కనపడ్డాయని, ఊరు దగ్గరపడిందని తల్లి చెప్పిన మాట దగ్గర అది పుట్టిందంటారు. వచ్చిన కొత్తలో పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాత చర్చిల్లో, చావు ఇళ్లలో జనం పాడుకునే పాటయింది.

ఇందులో చిందేసే పాట ఒక్కటీ లేదు. గిరాకీ కోసం ఎంచినవి కావు కనకే వీటిల్లో వేషం లేదు. శనివారం రాత్రి కొట్లో తాగినవాడే ఆదివారం పొద్దున చర్చిలో తలవంచి కూచునే ఊళ్లవి. ఆ రెండో మనిషి ఈ ప్లేటులో ఉన్నాడు. ఇల్లు, తల్లి, చావు, దేవుడు... అతని బెంగలన్నీ ఒకచోట చేరాయి. 1952లో వచ్చిన రెండో ఆల్బం ‘మోనింగ్ ద బ్లూస్’లో ‘లవ్‌సిక్ బ్లూస్’ లాంటి పేరున్న పాటలు చేరాయి. మూడోది చూడటానికి అతను లేడు.

రెండు భాషల పాట

ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాష మాట్లాడుకునే మనకు అతని ఇంకో పాట ప్రత్యేకంగా తోస్తుంది. లూసియానా రాష్ట్రంలో కేజన్లు అనే జనం ఉన్నారు. వాళ్ల పూర్వీకులు ఫ్రెంచివాళ్లు. 18వ శతాబ్దంలో ఇప్పటి కెనడా ప్రాంతం నుంచి బ్రిటిషు వాళ్లు తరిమేస్తే వచ్చి అక్కడ స్థిరపడ్డారు. చుట్టూ ఇంగ్లిషు. బడిలో ఫ్రెంచి మాట్లాడితే పిల్లలకు దెబ్బలు పడిన రోజులూ ఉన్నాయి. 1952లో హ్యాంక్ వాళ్ల పాత పాట బాణీ తీసుకుని ‘జంబలాయా’ కట్టాడు. వాళ్ల వంటల పేర్లు, వాళ్ల ఫ్రెంచి మాటలు ఇంగ్లిషు పాటలో యథాతథంగా పెట్టాడు. దేశమంతా ఆ మాటలు పలికింది. పల్లె పాటల పట్టికలో 14 వారాలు అదే మొదటిది. వెక్కిరించిన మాటలే పాటలో మర్యాద సంపాదించుకున్నాయి.

అంతకు ముందే 1951లో అతని ‘కోల్డ్ కోల్డ్ హార్ట్’ పాటను నగరాల గాయకుడు టోనీ బెనెట్ పాడి పెద్ద హిట్టు చేశాడు. పల్లె పాటకూ పట్నం పాటకూ మధ్య గోడ అలా కూలింది.

మందు పేరుతో మందు

పాట పెరిగేకొద్దీ మనిషి తరుగుతూ వచ్చాడు. 1951 వేసవిలో హాడకోల్ అనే టానిక్ ప్రచార యాత్రలో పెద్ద పెద్ద సినిమా తారల సరసన పాడాడు. టానిక్ డబ్బా అట్టముక్క తెస్తే చాలు, ప్రదర్శనకు అదే టిక్కెట్టు. విటమిన్లున్నాయని అమ్మిన ఆ సీసాలో 12 శాతం ఆల్కహాలు ఉండేది. తాగుడు మానలేని మనిషి, మందు పేరుతో మద్యం అమ్మే బండి మీద ఊరూరా తిరిగాడు.

ఆ ఏడు వేటకెళ్లి పడటంతో నడుము మరీ పాడైంది. డిసెంబరులో నాష్‌విల్‌లో వెన్నుకు పెద్ద ఆపరేషను చేశారు. కుదుటపడేదాకా మంచం మీద ఉండే ఓపిక అతనికి లేదు. కచేరీల వాళ్లూ ఉండనివ్వలేదు. 1952 ఆరంభంలోనే ఆడ్రీ విడిపోయింది. కొడుకు రాండల్‌కు అప్పటికి మూడేళ్లు నిండలేదు. నొప్పికి మాత్రలు, ఇంజెక్షన్లు. మాత్రల మీద మద్యం. కచేరీలకు రాకపోవడం, వచ్చినా నిలబడలేకపోవడం మామూలైంది. 1952 ఆగస్టు 11న గ్రాండ్ ఓల్ ఆప్రీ అతన్ని తీసేసింది. కొద్ది వారాలకే ‘జంబలాయా’ మొదటి స్థానానికి ఎక్కింది.

అక్టోబరులో బిల్లీ జీన్‌ను పెళ్లాడాడు. న్యూ ఆర్లియన్స్‌లో టిక్కెట్లు అమ్మి వేల మంది ఎదుట వేదిక మీద పెళ్లి తంతు జరిపారు, అదీ ఒకే రోజు రెండుసార్లు! ఇక వైద్యం చూడబోతే... టోబీ మార్షల్ అనేవాడు డాక్టరునని చెప్పుకుని చేరాడు. ఫోర్జరీ కేసులో జైలుకెళ్లి పెరోలు మీద బయటికొచ్చిన మనిషి. డిగ్రీ కాగితం కొనుక్కున్నది. తాగుడు మాన్పిస్తానని క్లోరల్ హైడ్రేట్ అనే గాఢమైన మత్తుమందు రాసిచ్చాడు. మద్యంతో కలిస్తే అది ప్రాణం తీయగలదు.

ఇంత జరుగుతున్నా సెప్టెంబరు 23న నాష్‌విల్ స్టూడియోలో ఒకే పూట నాలుగు పాటలు పాడాడు. అందులో ‘యువర్ చీటింగ్ హార్ట్’ ఒకటి. మళ్లీ స్టూడియో మెట్లెక్కలేదు.

కొత్త ఏడాది పొద్దున

1952 డిసెంబరు 30న మాంట్‌గోమరీ నుంచి నీలం రంగు క్యాడిలాక్ కారులో బయలుదేరాడు. నడిపేది ఓ కాలేజీ కుర్రాడు. 31న వెస్ట్ వర్జీనియాలోని చార్లెస్టన్‌లో, జనవరి 1న ఒహయోలోని కాంటన్‌లో కచేరీలు. మంచు కురుస్తోంది. నాక్స్‌విల్‌లో విమానం ఎక్కితే వాతావరణం బాగోలేక వెనక్కి తిరిగింది. హోటల్లో డాక్టరు వచ్చి బి12 విటమిన్‌తో పాటు మార్ఫిన్ ఇంజెక్షన్లు ఇచ్చాడు. చార్లెస్టన్ కచేరీ ఎటూ తప్పిపోయింది, కాంటన్ అయినా అందుకోవాలని రాత్రికి రాత్రి మళ్లీ కారెక్కించారు. వెస్ట్ వర్జీనియాలోని ఓక్ హిల్ చేరేసరికి వెనక సీట్లో దుప్పటి కింద మనిషి చల్లబడి ఉన్నాడు. గుండె ఆగిందన్నారు. కాంటన్‌లో వార్త చెప్పగానే తోటి గాయకులు వేదిక మీద ‘ఐ సా ద లైట్’ పాడారు. మిగిలిన పాటల ప్లేటులోని పాట.

జనవరి 4న మాంట్‌గోమరీలో అంత్యక్రియలు. ఆడిటోరియంలో పట్టినవాళ్లు మూడు వేలలోపు. బయట వీధుల్లో అంతకు ఎన్నో రెట్ల జనం. చనిపోయిన అయిదు రోజులకు, జనవరి 6న, అతనికి కూతురు పుట్టింది. తల్లి బాబీ జెట్ అనే స్నేహితురాలు. జెట్ విలియమ్స్‌గా పేరొందిన ఆ బిడ్డకు తండ్రి ఎవరో తెలిసింది పెద్దయ్యాకే. కోర్టులు ఆమె హక్కును ఒప్పుకున్నాయి. కొడుకు హ్యాంక్ విలియమ్స్ జూనియర్‌గా తనదైన పేరు సంపాదించాడు.

చెత్తలో దొరికిన గొంతు

1961లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టినప్పుడు మొదట చేర్చుకున్న ముగ్గురిలో హ్యాంక్ ఒకడు, ఫ్రెడ్ రోజ్ ఒకడు, వాళ్లకంటే ముందుతరం గాయకుడు జిమ్మీ రాడ్జర్స్ మూడోవాడు. 1962లో నల్లజాతి గాయకుడు రే చార్లెస్ పల్లె పాటల ఆల్బం చేస్తూ హ్యాంక్ పాటలు రెండు తీసుకున్నాడు. రూఫస్ పెయిన్ వీధిలో నేర్పిన విద్య తిరిగి సొంతింటికి చేరినట్టయింది. 2010లో పులిట్జర్ సంస్థ మరణానంతరం ప్రత్యేక పురస్కారం ఇచ్చింది.

అతన్ని తాగుబోతు అన్నవాళ్లు ఎక్కువ, రోగి అన్నవాళ్లు తక్కువ. తాగాడన్నది నిజం. అంతకుముందే నొప్పి ఉందన్నదీ నిజం. పాటలో అతని బాధను డబ్బిచ్చి కొనుక్కున్న లోకం, ఒంట్లో బాధను అల్లరిగా చూసింది. సరైన వైద్యం అందాల్సిన చోట టానిక్ సీసా, దొంగ డాక్టరు, మరుసటి ఊరి కచేరీ అందాయి.

అయితే అతని నవ్వూ మిగిలింది. ఆల్బం వచ్చిన 1951లోనే మదర్స్ బెస్ట్ అనే పిండి కంపెనీ కోసం నాష్‌విల్ రేడియోలో పొద్దున్నే పావుగంట కార్యక్రమం చేసేవాడు. ఊళ్లలో ఉండే రోజులు తక్కువ గనక ముందే కొన్ని రికార్డు చేసి పెట్టారు. ఏళ్ల తర్వాత రేడియో వాళ్లు ఆ ప్లేట్లను చెత్తలో పడేస్తే అక్కడే పనిచేసే ఒకరు ఏరి దాచారు. వాటి మీద హక్కు వారసులదేనని కోర్టు తేల్చాక, 2008 నుంచి జనానికి అందాయి. వాటిలో హ్యాంక్ తోటివాళ్లతో జోకులేస్తాడు, పిండి బాగుందని పొగుడుతాడు, చిన్నప్పుడు విన్న భక్తి పాటలు అడక్కుండానే ఎత్తుకుంటాడు. 27 ఏళ్ల కుర్రాడి గొంతు. తెల్లవారుజామున, నొప్పి లేని మనిషిలా.